ఉబ్బసం చాటున ఊపిరితిత్తుల క్యాన్సర్

యాసంగి కోతలు మొదలయ్యాయంటే సూర్యాపేట జిల్లా నేరేడుచర్ల గాలి మారిపోతుంది. హార్వెస్టర్ వెనకాలే నుసి లేస్తుంది. మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే రోడ్డు వెంట ఆరబోసిన వడ్లను తిరగేసినప్పుడల్లా సన్నని దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. కోత అయిన మడుల్లో కొయ్యకాళ్లకు నిప్పు పెడితే సాయంత్రానికి ఊరి మీద పొగ కమ్ముకుంటుంది. ఏళ్ల తరబడి దమ్ముతో వేగుతున్న పెద్దవాళ్లకు ఇవి గడ్డు రోజులు. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చిన మనిషి పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వచ్చి, మందుతో పాటు మనసులో ఉన్న భయాన్నీ బయటపెడతాడు: "సారూ, ఈ దమ్ము ముదిరితే క్యాన్సర్ అయితదంటున్నరు. నిజమేనా?"

నిజం కాదు. ఉబ్బసం ముదిరి క్యాన్సర్‌గా మారదు. కానీ ఆ ఒక్క మాట చెప్పి పంపించేస్తే సగమే చెప్పినట్టు. ఎందుకంటే ఉబ్బసం ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనిపిస్తోందని ప్రపంచంలో పలుచోట్ల లెక్కలు తేలాయి. ఒకటి రెండోదిగా మారనప్పుడు రెండూ కలిసి ఎందుకు కనిపిస్తున్నాయి? దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే బీడీ కట్ట దాకా, కట్టెల పొయ్యి దాకా, రైస్ మిల్లు పొగగొట్టం దాకా వెళ్లాల్సి వస్తుంది.

గొట్టంలో వాపు, కణంలో తప్పు

మనిషి రోజుకు 10 వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తాడు. గొంతు దిగిన శ్వాసనాళం రెండుగా చీలుతుంది, అవి మళ్లీ రెండేసిగా చీలతాయి. ఇలా 23 అంచెలు దాటాక గాలి గదులు వస్తాయి. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి సగటున 48 కోట్ల గదులుంటాయని అంచనా.

ఉబ్బసం ఈ గొట్టాల జబ్బు. వాటి లోపలి పొర ఎప్పుడూ కొద్దో గొప్పో వాచి ఉంటుంది. దుమ్ము, పుప్పొడి, పొగ, చలిగాలి, జలుబు, వీటిలో ఏది తగిలినా గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. వాపు పెరుగుతుంది, జిగట కఫం చేరుతుంది. దారి ఇరుకై గాలి బయటికి రాలేక పిల్లికూతలు వినిపిస్తాయి. మందు పీల్చాక, ఒక్కోసారి దానంతట అదే కూడా, దారి మళ్లీ తెరుచుకుంటుంది. ఇలా మూసుకుపోయి తెరుచుకోవడమే ఉబ్బసం స్వభావం. రాత్రి మాట రాని మనిషి మధ్యాహ్నానికి పొలానికి వెళ్లగలుగుతాడు.

క్యాన్సర్ కథ వేరు. అది గొట్టం బిగుసుకోవడంతో మొదలవదు. ఒక కణం తన జన్యువుల్లో చేరిన తప్పుల వల్ల ఆగమన్నా ఆగకుండా విభజన చెందడంతో మొదలవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గడ్డ అవుతుంది. ఊపిరితిత్తి కండలో నొప్పి తెలిపే నరాలు లేవు. అందుకే గడ్డ ఛాతీ గోడనో, పెద్ద గొట్టాన్నో, మరో అవయవాన్నో తాకేదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ బయటపడింది, 18 లక్షల మంది చనిపోయారు. ఇన్ని ప్రాణాలు తీసే క్యాన్సర్ మరొకటి లేదు.

లెక్కల్లో దొరికిన ఆనవాళ్లు

ఈ రెండింటి సంబంధం మీద జరిగిన పెద్ద పరిశీలనల్లో ఒకటి 2012లో వెలువడింది. అంతర్జాతీయ ఊపిరితిత్తుల క్యాన్సర్ కన్సార్టియం తన పరిధిలోని 16 అధ్యయనాలను, అంతకు ముందు అచ్చయిన మరో 36 అధ్యయనాలతో పోల్చి చూసింది. మొత్తం 5 లక్షల 85 వేల మందికి పైగా వివరాలు. పైపైన చూస్తే ఉబ్బసం ఉన్నవారిలో క్యాన్సర్ ముప్పు 28 శాతం ఎక్కువ. పత్రికల్లో పతాక శీర్షికకు అది చాలు. పరిశోధకులు మాత్రం అక్కడ ఆగలేదు. ఆ ఎక్కువ ముప్పు ఎవరిలో ఉంది, ఎప్పుడు కనిపిస్తోంది అని తవ్వారు. అప్పుడు మూడు ఆనవాళ్లు దొరికాయి.

మొదటిది కాలం. ఉబ్బసం ఉందని చెప్పిన మొదటి రెండేళ్లలో క్యాన్సర్ ముప్పు రెట్టింపు దాటింది. పదేళ్లకు పైగా ఉబ్బసంతో ఉన్నవారిలో అది దాదాపు మామూలు స్థాయికి దిగిపోయింది. ఇది తలకిందులు లెక్క. ఉబ్బసమే క్యాన్సర్‌కు కారణమైతే ఎన్నేళ్లు వాపు ఉంటే అంత ముప్పు పెరగాలి. నలభై ఏళ్లు సిగరెట్ తాగినవాడికి నాలుగేళ్లు తాగినవాడి కంటే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ కదా.

రెండోది క్యాన్సర్ రకం. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒకటి కాదు. స్క్వామస్, స్మాల్ సెల్ అనే రకాలు పొగతాగడంతో గట్టిగా ముడిపడినవి, ఎక్కువగా పెద్ద గొట్టాల దగ్గర పుడతాయి. అడినోకార్సినోమా అనే రకం తరచుగా అంచుల్లో పుడుతుంది, పొగతాగని వారిలో కనిపించేది ఎక్కువగా ఇదే. ఉబ్బసంతో సంబంధం మొదటి రెండు రకాల్లోనే బలంగా కనిపించింది. అడినోకార్సినోమాలో ఉండీ లేనట్టుగా ఉంది.

మూడోది పొగ. జీవితంలో ఎన్నడూ పొగతాగని వారిలో ఈ సంబంధం బలహీనపడింది.

మూడింటినీ పక్కపక్కన పెడితే జరుగుతున్నదేమిటో అర్థమవుతుంది. పెద్ద గొట్టం దగ్గర పెరుగుతున్న గడ్డ దారిని ఇరుకు చేస్తుంది. గాలి పిల్లికూత వేస్తుంది. దగ్గు, ఆయాసం వస్తాయి. చూసినవాళ్లు ఉబ్బసం అంటారు, మందులు మొదలవుతాయి. ఏడాదికో రెండేళ్లకో అసలు జబ్బు బయటపడుతుంది. లెక్కలో మాత్రం ముందు ఉబ్బసం, తర్వాత క్యాన్సర్ అని నమోదవుతుంది. నిజానికి క్యాన్సర్ మొదటి నుంచీ అక్కడే ఉంది. ఇది అన్ని సంఖ్యలకూ వర్తించే వివరణ కాదు. పొగతాగని వారిలోనూ కొద్దిపాటి సంబంధం కనిపించిన అధ్యయనాలు ఉన్నాయి. కానీ బరువు ఎటు మొగ్గుతోందో స్పష్టంగానే ఉంది. ఉబ్బసం క్యాన్సర్‌ను పుట్టించడం కంటే క్యాన్సర్ ఉబ్బసం పేరుతో చెలామణీ కావడమే పెద్ద ప్రమాదం.

వంద ఏళ్ల కిందటే దీన్ని పసిగట్టిన వైద్యుడు ఒకాయన ఉన్నారు. అమెరికాకు చెందిన షెవాలియర్ జాక్సన్. గొంతులో, శ్వాసనాళాల్లో ఇరుక్కున్న పిన్నులు, గింజలు, నాణేలు గొట్టం పరికరంతో తీయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఉబ్బసం అనుకుని ఏళ్లుగా మందులు వాడిన వారి గొట్టంలో ఏదో అడ్డం ఉండటం చూసి, పిల్లికూత వేసే ప్రతిదీ ఉబ్బసం కాదని ఆయన వైద్యులను హెచ్చరించేవారు.

---

బాక్స్: స్టెతస్కోప్‌లో తేడా

ఉబ్బసంలో రెండు వైపులా, చిన్నా పెద్దా గొట్టాలన్నీ ఇరుకవుతాయి. అందుకే డాక్టర్ వీపు మీద స్టెతస్కోప్ ఎక్కడ పెట్టినా రకరకాల స్థాయుల్లో పిల్లికూతలు కలగలిసి వినిపిస్తాయి. ఒక గొట్టం దగ్గర గడ్డ అడ్డుపడితే ఒకే చోట, ఒకే స్థాయిలో కూత వినిపిస్తుంది. దగ్గినా తగ్గదు, ఇన్‌హేలర్ పీల్చినా పోదు. ఇంకో గుర్తు చేతివేళ్లలో కనిపిస్తుంది. గోళ్ల మొదళ్లు ఉబ్బి, వేళ్ల కొసలు గుండ్రంగా లావెక్కితే దాన్ని ఉబ్బసం ఖాతాలో వేయకూడదు. ఉబ్బసం ఒక్కటే వేళ్లను అలా మార్చదు.

---

బీడీ దమ్ము

మన పల్లెల్లో ఉబ్బసం, దమ్ము, ఆయాసం అన్నీ ఒకే మాటగా వాడతాం. చిన్నప్పటి నుంచి చలికాలంలో పిల్లికూతలతో బాధపడే అమ్మాయిదీ దమ్మే. ముప్పై ఏళ్లు బీడీలు కాల్చి, అరవై దాటాక నాలుగు మెట్లెక్కలేకపోతున్న పెద్దాయనదీ దమ్మే. వైద్యంలో ఇవి రెండు వేరు జబ్బులు. పెద్దాయనకు ఉన్నది చాలాసార్లు సీఓపీడీ. పొగ వల్ల గొట్టాలు శాశ్వతంగా ఇరుకై, గాలి గదులు చెడిపోయే జబ్బు అది. ఆ నష్టం వెనక్కి రాదు.

ఈ తేడా క్యాన్సర్ లెక్కలో చాలా ముఖ్యం. సీఓపీడీ ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు స్పష్టంగా ఎక్కువ. ఒకే స్థాయిలో పొగతాగిన ఇద్దరిలోనూ సీఓపీడీ వచ్చినవాడికే ముప్పు ఎక్కువని తేలింది. అలాంటివారిని ఉబ్బసం జాబితాలో కలిపేస్తే ఉబ్బసానికి లేని అపకీర్తి వస్తుంది. అంతకంటే నష్టం, ఆ పెద్దాయనకు తన అసలు ముప్పు ఎవరూ చెప్పరు.

రెండింటినీ విడదీసే పరీక్ష స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం ఉంచి, ఛాతీ నిండా గాలి పీల్చుకోమంటారు. "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి" అంటూ టెక్నీషియన్ గట్టిగా అరుస్తుంటే ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా ఒక్క బిగిన ఊదాలి. తెర మీద గీత నిట్టనిలువుగా లేచి కిందికి దిగుతుంది. తర్వాత గొట్టాలు తెరిచే మందు పీల్పించి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తారు. రెండో గీత బాగా మెరుగుపడితే ఉబ్బసం వైపు మొగ్గు. పెద్దగా మారకపోతే సీఓపీడీ గురించి ఆలోచించాలి. సూది లేదు, నొప్పి లేదు. ఈ పరీక్ష పేరు కూడా వినకుండా ఏళ్ల తరబడి మాత్రలు, సూదులతో గడిపేసేవాళ్లు మన జిల్లాల్లో ఎందరో ఉండటం బాధాకరం.

కలుపు గింజలు, తడి

అయితే వాపుకు, క్యాన్సర్‌కు అసలు సంబంధమే లేదా? ఉంది. ఇక్కడే ఇటీవలి విజ్ఞానం ఆసక్తికరమైన మలుపు తిరిగింది.

పొగలోని రసాయనాలు కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి, ఆ దెబ్బలు పోగై క్యాన్సర్ అవుతుంది. ఇది చాలాకాలంగా తెలిసిన దారి. మరి పొగతాగని వారి సంగతేమిటి? ఆ ప్రశ్నతో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చార్ల్స్ స్వాంటన్ బృందం పనిచేసి, 2023 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. వారు ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి కణజాలాన్ని పరీక్షిస్తే, క్యాన్సర్‌తో ముడిపడిన ఈజీఎఫ్ఆర్ జన్యువులోని మార్పులు 18 శాతం నమూనాల్లో, కేరాస్ జన్యువులోని మార్పులు 53 శాతం నమూనాల్లో దొరికాయి. వయసు పెరిగేకొద్దీ ఇలాంటి తప్పులు మనందరిలో చేరుతూనే ఉంటాయి. చాలామందిలో అవి ఏమీ చేయకుండా పడి ఉంటాయి.

వరి మడిలో కలుపు గింజలు ఇలాగే ఉంటాయి. ఏళ్ల తరబడి మట్టిలో ఊరికే పడి ఉంటాయి. తడి తగిలితే మొలుస్తాయి. తడి ఆ గింజను తయారు చేయలేదు, లేపిందంతే. సన్నని ధూళి కణాలు ఊపిరితిత్తిలో చేసే పని కూడా అదేనని స్వాంటన్ బృందం ఎలుకల్లో చూపింది. ధూళిని మింగడానికి వచ్చిన రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతాన్ని విడుదల చేస్తాయి. ఆ సంకేతం తగిలి, తప్పు దాచుకున్న కణాలు మేల్కొని పెరగడం మొదలుపెట్టాయి. సంకేతాన్ని అడ్డుకునే మందు ఇస్తే గడ్డలు తగ్గాయి. ఇంగ్లండ్, దక్షిణ కొరియా, తైవాన్ వంటి దేశాల్లో దాదాపు 33 వేల మంది వివరాలు చూస్తే, ధూళి ఎక్కువగా ఉన్న చోట్ల ఈజీఎఫ్ఆర్ రకం క్యాన్సర్ కూడా ఎక్కువగానే ఉంది.

మనుషుల్లో దీనికి ముందే ఒక ఆధారం దొరికింది, అదీ అనుకోకుండా. గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా రోగులపై కాంటోస్ అనే ప్రయోగం జరిగింది. అదే ఇంటర్‌ల్యూకిన్ సంకేతాన్ని అడ్డుకునే మందు గుండెకు మేలు చేస్తుందా అన్నది వారి ప్రశ్న. 2017లో ఫలితాలు చూస్తే, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడింట రెండు వంతులు తగ్గింది. క్యాన్సర్ ముదిరాక మాత్రం ఈ మందు ఆశించినట్టు పనిచేయలేదని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. మొలిచి పెరిగిన కలుపుకు తడి ఆపితే ఏం లాభం?

ఇక ఉబ్బసం మాట. వాపులన్నీ ఒకటి కావు. అలర్జీతో వచ్చే ఉబ్బసంలో ఎక్కువగా పనిచేసేవి ఇంటర్‌ల్యూకిన్ కుటుంబంలోని 4, 5, 13 సంకేతాలు, ఇయోసినోఫిల్ అనే రక్తకణాలు. ధూళి లేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా దారి వేరు. అలర్జీలున్న వారిలో మెదడులో వచ్చే గ్లయోమా అనే క్యాన్సర్ తక్కువగా కనిపిస్తుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి కూడా. కాబట్టి ఉబ్బసం వాపును క్యాన్సర్‌కు పిలుపుగా చూడటం తొందరపాటు. ఉబ్బసాన్ని రెచ్చగొట్టే పొగ, దుమ్ముల గురించి మాత్రం అలా అనలేం. అవి ఉబ్బసం ఉన్నవారికీ లేనివారికీ కీడు చేస్తాయి.

మన గాలిలో ఏముంది

మిర్యాలగూడ చుట్టూ ఉన్నన్ని రైస్ మిల్లులు ఒకేచోట ఉండటం దేశంలోనే అరుదు. ఉప్పుడు బియ్యం చేయాలంటే వడ్లు ఉడకాలి, ఉడకాలంటే బాయిలర్ మండాలి, బాయిలర్‌కు మేత ఊక. 75 కిలోల వడ్ల బస్తాలో దాదాపు 15 కిలోలు ఊకే. అది కాలితే సుమారు 3 కిలోల బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో పది పాళ్లకు తొమ్మిది పాళ్ల వరకు సిలికా. సరైన వేడిలో కాలితే ఆ సిలికాకు స్ఫటిక రూపం ఉండదు, హాని తక్కువ. వేడి బాగా పెరిగితే కొంత భాగం స్ఫటిక రూపం తీసుకుంటుంది. స్ఫటిక సిలికా ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. బూడిద తడిపి ఎత్తుతున్నారా, ట్రాక్టర్ మీద పట్టా కప్పుతున్నారా, ఎత్తే కూలీల ముఖాలకు సరైన మాస్కు ఉందా అన్నవి అందుకే చిన్న విషయాలు కావు. మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కా మీద పడే నల్ల నుసి కంటికి కనిపిస్తుంది. కంటికి కనిపించని దానితోనే ఎక్కువ భయం. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో ఉండే పీఎం 2.5 కణాలు ముక్కులో ఆగవు, గాలి గదుల దాకా పోతాయి.

మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. సూర్యాపేట, కోదాడ మీదుగా హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై రాత్రింబవళ్లు లారీలు. డీజిల్ పొగను 2012లో, బయటి గాలి కాలుష్యాన్ని మొత్తంగా 2013లో అదే క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాలుగా ప్రకటించింది. దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. బొగ్గు కాలే చోట గాలి నాణ్యత కొలతలు చుట్టుపక్కల పల్లెలకు అర్థమయ్యేలా ఎప్పటికప్పుడు తెలియాలి. అది వారి హక్కు.

వంటింటి పొగ సంగతి మరువకూడదు. గ్యాస్ వచ్చాక పరిస్థితి మారింది గానీ, నీళ్లు కాచుకోవడానికీ, పశువుల దాణా ఉడికించడానికీ కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పొగగొట్టం ఒక్కటి ఎంత మార్పు తెస్తుందో చైనాలోని షువాన్‌వే ప్రాంతం చూపింది. అక్కడి ఆడవాళ్లు పొగతాగేవాళ్లు కాదు, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పెద్ద సంఖ్యలో చనిపోయేవారు. ఇంట్లో పొగ కక్కే బొగ్గుతో, పొగగొట్టం లేని పొయ్యి మీద వండటమే కారణమని తేలింది. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టుకున్న ఇళ్లలో క్యాన్సర్ మగవారిలో 41 శాతం, ఆడవారిలో 46 శాతం తగ్గిందని 2002లో లెక్క తేల్చారు.

అనుమానించాల్సినప్పుడు

దేశంలో ఉబ్బసం ఉన్నవారు 3 కోట్ల 40 లక్షలని అంచనా. ప్రపంచ ఉబ్బస రోగుల్లో ఇది 13 శాతమే, కానీ ఉబ్బసంతో జరిగే మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడే. క్యాన్సర్ భయం కంటే ముందు ఈ అంకె మనల్ని కలవరపెట్టాలి. వీటిలో చాలా మరణాలు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ వాడితే ఆగేవి. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే గొట్టం తెరిచే మందు పీల్చి ఊరుకోవడం సరిపోదని, వాపు మందు తప్పనిసరని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019లో తేల్చిచెప్పాయి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం ఉచితంగా ఇచ్చే చేప ప్రసాదం కోసం వెళ్లేవారు మన ఊళ్ల నుంచీ ఉన్నారు. నమ్మకం వారిది. ఆ ప్రసాదం ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు కాబట్టి దాన్ని నమ్మి ఇన్‌హేలర్ ఆపడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ క్యాన్సర్‌ను కూడా ఆపుతుందా అన్న ప్రశ్న వచ్చింది. అమెరికా మాజీ సైనికుల్లో సీఓపీడీ ఉన్నవారిపై 2007లో వచ్చిన అధ్యయనం, ఎక్కువ మోతాదు వాడినవారిలో క్యాన్సర్ బాగా తగ్గిందని చెప్పింది. తర్వాత అలాంటి లెక్కల్లో ఒక పొరపాటు బయటపడింది. ఏళ్లపాటు మందు వాడినట్టు లెక్కకు రావాలంటే మనిషి అన్నేళ్లు క్యాన్సర్ లేకుండా బతికి ఉండాలి కదా. ఆ ఏళ్ల లాభం మందు ఖాతాలో పడిపోయింది. ఇన్‌హేలర్ ఉబ్బసానికి వాడాలి, క్యాన్సర్ ఆపుతుందని కాదు.

ఎప్పుడు అనుమానించాలి? నలభై ఐదో యాభయ్యో దాటాక, ముందెన్నడూ లేని ఉబ్బసం కొత్తగా మొదలైతే. బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవారికైతే మరీను. దగ్గు మూడు వారాలు దాటినా, తెమడలో రక్తపు చార కనిపించినా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. పాత ఉబ్బస రోగి కూడా తన దగ్గు తీరు మారిందనిపిస్తే అంతే. మన దేశంలో పడమటి దేశాల కంటే సుమారు పదేళ్లు ముందే ఈ క్యాన్సర్ వస్తోంది, రోగుల్లో దాదాపు సగం మంది పొగతాగనివారు. అందుకే ఆడవాళ్ల దగ్గును తేలిగ్గా తీసుకోవడం తగదు.

ఇక్కడ క్షయ కూడా ఒక చిక్కు. ఎక్స్‌రేలో మచ్చ కనిపించగానే క్షయ అనుకోవడం మన దగ్గర మామూలే. క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో ఆ అనుమానం సహజం కూడా. తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. తెమడలో క్రిమి దొరకక, మందులు వాడుతున్నా మచ్చ తగ్గక, బరువు పడిపోతుంటే మరో ఆరు నెలలు ఎదురుచూడకూడదు. సీటీ స్కాన్, ఆపై గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, ఈ దారిలో వెళ్లాలి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న క్యాన్సర్ అని తేలితే రోజూ వేసుకునే మాత్రలతో జబ్బును అదుపులో పెట్టే వీలుంది.

నేరేడుచర్ల మనిషికి సూర్యాపేటలో 2019లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గరి మెట్టు. ఊపిరితిత్తుల జబ్బులకు హైదరాబాద్ ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, క్యాన్సర్‌కు రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి ఉన్నాయి. క్యాన్సర్ చికిత్స ఆరోగ్యశ్రీ పరిధిలోకి వస్తుంది. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు తప్పక వెంట తీసుకెళ్లాలి. రెండేళ్ల కిందటి ఫిల్మ్‌ను ఇవాళ్టి ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తే, మచ్చ పాతదో పెరుగుతున్నదో డాక్టర్‌కు అక్కడికక్కడే తెలిసిపోతుంది.